ఆటగాడా, కోచా? ముందు ఇంటర్ సంగతి తేల్చండి

ప్రశ్న: సార్, మా అబ్బాయి ఈ ఏడాది పదో తరగతి రాశాడు. బాస్కెట్‌బాల్లో పాయింట్ గార్డు, అంటే బంతి నడుపుతూ జట్టును ఆడించేవాడు. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, పెరగడానికి పౌడరు కూడా తాగిస్తున్నాం. ఒకసారి రాష్ట్ర జట్టుకు ఎంపికయ్యాడు. బెంగళూరులో ఒక రెసిడెన్షియల్ అకాడమీ వాళ్లు రెండేళ్లు తమ దగ్గర ఉంచితే అమెరికా స్కాలర్‌షిప్ గ్యారంటీ అంటున్నారు. చదువు ఓపెన్ స్కూల్లో. ఏదీ కాకపోతే కోచ్ అవుతాడులే అని మా బావమరిది ధైర్యం చెబుతున్నాడు. ఆటగాడిగా బతకడం మేలా, కోచ్‌గానా?
– ఒక తండ్రి, గుంతకల్లు

జవాబు: మీరు అడిగింది ఆటా, కోచింగా అని. మీ గుండెల్లో ఉన్నది మాత్రం వేరే. ఎదురింటి పిల్లాడు ఇంజనీరింగ్‌లో చేరితే మనవాడు బంతి పట్టుకుని తిరుగుతున్నాడని నలుగురూ అంటారేమోనని మీ దిగులు. అననివ్వండి. రాష్ట్ర జట్టుదాకా వెళ్లినవాడు దారి తప్పలేదు. ఇంటర్ సరిగ్గా చదివితే అన్ని తలుపులూ తెరిచే ఉంటాయి.

ముందు డబ్బు సంగతి. మన దేశంలో బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లలో ఎక్కువమందికి నెలనెలా జీతం వచ్చేది ఉద్యోగం నుంచే. 2015లో మొదలైన యూబీఏ అనే బాస్కెట్‌బాల్ లీగు మూడేళ్లు తిరక్కుండానే ఆగిపోయింది. 2022లో ఐఎన్‌బీఎల్ అనే మరో లీగు వచ్చింది కానీ దాన్ని నమ్ముకుని ఏడాది పొడుగునా ఇల్లు గడపలేం. భారత జట్టుకు కెప్టెన్‌గా చేసిన గార్డు విశేష్ భృగువంశీని చూడండి. 2017లో ఆస్ట్రేలియా క్లబ్బు అడిలైడ్ థర్టీసిక్సర్స్ పిలిచి శిక్షణ ఆటగాడిగా తీసుకుంది, 2020కి అర్జున అవార్డు వచ్చింది. ఇక్కడ ఆడింది మాత్రం ఓఎన్‌జీసీ తరఫున. 2021లో పద్మశ్రీ అందుకున్న క్రీడాకారిణి అనితా పాల్‌దురైది దక్షిణ రైల్వే.

రైల్వే డివిజన్ ఉన్న ఊళ్లో ఉండి మీరు ఆ ఊసే ఎత్తలేదు. స్పోర్ట్స్ కోటా ప్రకటనల్లో 100 మార్కుల లెక్క ఇలా ఉంటుంది: సాధించిన ఆటకు 50, ట్రయల్స్‌లో నైపుణ్యానికి, ఫిట్‌నెస్‌కు 40, చదువుకు 10. చాలామంది బోల్తా పడేది సర్టిఫికెట్ తేదీ దగ్గర. నడుస్తున్న ఏడాదివి, అంతకుముందు రెండు ఆర్థిక సంవత్సరాలవి మాత్రమే లెక్కలోకి వస్తాయి. ఇంటర్లో నేషనల్స్ ఆడేసి డిగ్రీలో ఆట వదిలేస్తే ఆ కాగితం చల్లబడిపోతుంది. అందుకే డిగ్రీలో శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ (ఎస్కేయూ) అయినా జేఎన్‌టీయూ అయినా యూనివర్సిటీ జట్టులో చోటు సంపాదించి యూనివర్సిటీల మధ్య జరిగే ఇంటర్ యూనివర్సిటీ పోటీలు ఆడాలి. కేంద్ర కొలువులకు సర్టిఫికెట్ ఫారం కూడా వేరువేరు: అంతర్జాతీయ పోటీలకు ఫారం 1, జాతీయ పోటీలకు 2, ఇంటర్ యూనివర్సిటీకి 3, జాతీయ స్కూల్ గేమ్స్‌కు 4. టోర్నీ అయిన వారంలోనే సంతకం, ముద్ర వేయించుకోండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఎలా ఉందో సర్టిఫికెట్లో అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి.

ఇక అకాడమీ. అక్కడే నాకు అనుమానాలెక్కువ. గ్యారంటీ అన్న మాట విన్న చోటే మీరు లేచి రావలసింది. అమెరికా కాలేజీ ఆటను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ పై స్థాయి అయిన డివిజన్ 1లో ఆడాలంటే 9 నుంచి 12వ తరగతి దాకా 16 కోర్ కోర్సులు (ఇంగ్లిషు, లెక్కలు, సైన్సు లాంటి ముఖ్య సబ్జెక్టులు) చూపించాలి, వాటిలో మార్కుల సగటు (జీపీఏ) 2.3 ఉండాలి. ఆ పదహారింటిలో పది, 12వ తరగతి మొదలయ్యేలోపే పూర్తవ్వాలి. లెక్కలు మూడేళ్లు తప్పనిసరి. అంటే పదయ్యాక బైపీసీలో చేరినా, ఓపెన్ స్కూల్లో లెక్కలు వదిలేసినా దారి అక్కడే మూసుకుపోవచ్చు. ఈ ముక్క అకాడమీ వాళ్లు మీకు చెప్పారా? డివిజన్ 3 కాలేజీల్లోనైతే ఆటకు స్కాలర్‌షిప్పే ఉండదు. పంజాబ్‌కు చెందిన సత్నామ్ సింగ్ 7 అడుగుల 2 అంగుళాల మనిషి. అమెరికా ప్రొఫెషనల్ లీగు ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2015లో డల్లాస్ మావెరిక్స్ 52వ పిక్‌గా తీసుకున్నా, ఆ లీగులో ఒక్క మ్యాచ్ ఆడలేదు. మీవాడు ఆడేది చిన్న గార్డుల స్థానం. అక్కడ అదే స్థానానికి పోటీ అన్నిటికన్నా ఎక్కువ.

పౌడరు మానేయండి. డబ్బా మీద బొమ్మకు, ఎముకకు సంబంధం లేదు. ఆ డబ్బుతో గుడ్లు, పాలు, ఒక మంచి జత బూట్లు కొనండి. మన దగ్గర ఎక్కువ కోర్టులు సిమెంటువే. అరిగిన బూట్లతో వాటి మీద దూకితే ముందు పోయేది మోకాలి చిప్ప కింది స్నాయువు. మ్యాచ్‌లో గీత బయట నిలబడి మీరు అరుస్తుంటే కూడా ఆపండి. కోచ్ చెప్పేది, నాన్న చెప్పేది రెండూ వినబోయి గార్డు బంతి పోగొట్టుకుంటాడు.

"ఏదీ కాకపోతే కోచ్" అన్న మీ బావమరిదికి ఈ పేరా చదివి వినిపించండి. గార్డులు కోచ్‌లుగా రాణించడానికి కారణముంది. 24 సెకన్లలో షాట్ పడాలి. అందులో 8 సెకన్లలోపు సగం కోర్టు దాటాలి. స్క్రీన్ పడగానే, అంటే సాటి ఆటగాడు డిఫెండర్‌కు అడ్డంగా నిలబడగానే, డిఫెండర్ ఆ అడ్డు వెనకనుంచి చుట్టి వస్తే షాట్, ముందునుంచి వెంబడిస్తే లోపలికి డ్రైవ్, పొడుగువాడు అడ్డమొస్తే అతను వదిలేసిన మనిషికి పాస్. ఈ తీర్మానం అరసెకనులో చేసేవాడే తర్వాత నలుగురికి నేర్పగలడు. అయినా దానికి ఏళ్లు పడతాయి. ఎన్‌బీఏ గార్డు స్టీవ్ కెర్ 2003లో ఆట మానేసి, టీవీలోనూ జట్టు ఆఫీసులోనూ పనిచేసి, 2014లో గానీ హెడ్ కోచ్ కాలేదు. 1999లో మహిళల లీగు డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోని 5 అడుగుల 6 అంగుళాల గార్డు బెకీ హామన్, 2014లో ఎన్‌బీఏ జట్టు శాన్ ఆంటోనియోలో అసిస్టెంట్ కోచ్‌గా మొదలుపెట్టి, 2022లో మహిళల జట్టు లాస్ వేగస్ ఏసెస్‌కు హెడ్ కోచ్ అయి ఆ ఏడాదే టైటిల్ గెలిచింది. ఆట మానిన ఏడాదే కోచ్ అయిన ఎన్‌బీఏ గార్డు జేసన్ కిడ్ లాంటివాళ్లు అరుదు.

మన దగ్గర కోచ్ కావాలంటే డిగ్రీ, ఆ తర్వాత పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) ఏడాది కోచింగ్ డిప్లొమా. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సుకు ఆ విలువ లేదు, దాన్ని నమ్ముకుని కోచ్ పోస్టులకు దరఖాస్తు చేసి వెనక్కి వచ్చేవాళ్లు ఎందరో. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు కావాలంటే డిగ్రీ తర్వాత పీఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి బీపీఈడీ (వ్యాయామ విద్య కోర్సు), ఆపైన డీఎస్సీ. రెంటికీ ముందు డిగ్రీ ఉందని గమనించారా? ఈ సెలవుల్లోనే మీవాణ్ని జిల్లా టోర్నీలో స్కోరర్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టండి. స్కోర్‌షీటు రాయడం, ఫౌళ్లు లెక్కపెట్టడం వచ్చినవాడికి ఆట రెండో వైపు నుంచి కనిపిస్తుంది.

కాబట్టి ఎంపీసీ లేదా ఎంఈసీ, సాయంత్రం నాలుగున్నరకు వదిలే కాలేజీ, గుంతకల్లు అయినా అనంతపురం అయినా సరే. రాత్రి దాకా స్టడీ అవర్స్ ఉన్న చోట చేర్పిస్తే ఆట పోయినట్టే. రోజూ గంటన్నర ప్రాక్టీసులో అరగంట ఎడమ చేతి డ్రిబ్లింగ్‌కే ఇవ్వమనండి. కుడిచేతి వాటం గార్డును డిఫెండర్ మూడో నిమిషంలోనే పసిగట్టి ఎడమకు తోస్తాడు.

అయినా బెంగళూరే అంటారా? అకాడమీని ఇవి అడగండి: కోచ్‌కు ఎన్‌ఐఎస్ డిప్లొమా ఉందా, ఏడాదికి అసలైన మ్యాచ్‌లు ఎన్ని, మోకాలు దెబ్బతింటే చూసే ఫిజియో ఎవరు, అమెరికాలో ఇప్పుడు స్కాలర్‌షిప్ మీద ఆడుతున్న తమ పిల్లలు ఏ కాలేజీలో ఉన్నారు, మీవాడు ఇక ఏ రాష్ట్రం తరఫున ఆడతాడు. ఇంటర్ రెండేళ్లు బయటి రాష్ట్రంలో చదివితే ఇక్కడి అడ్మిషన్లలో నాన్‌లోకల్ చిక్కు రావచ్చు, అదీ కనుక్కోండి. జవాబులు కాగితం మీద రాసిచ్చేదాకా అడ్వాన్సు కట్టకండి.