యుద్ధ నవలలో ఏది నమ్మాలి?

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం మీద నవలలు వరసగా చదువుతున్నాను. అంతా నిజమే అనిపిస్తుంది. చరిత్ర పుస్తకం పట్టుకుంటే మాత్రం డివిజన్లు, జనరళ్ల పేర్ల దగ్గరే ఆగిపోతున్నాను. ఏది ముందు చదవాలి?

జవాబు: నవలే ముందు చదవండి, తప్పేం లేదు. కాకపోతే యుద్ధం మొత్తాన్నీ ఒకేసారి నెత్తికెత్తుకోకుండా ఒక్క పోరాటాన్ని ఎంచుకుని, దాని మీదే ఒక నవల, ఒక చరిత్ర పుస్తకం పక్కపక్కన పెట్టుకోండి. సోవియట్ నగరం స్టాలిన్‌గ్రాడ్ కోసం జరిగిన పోరాటం అనుకుందాం. ఒక చీటీ మీద నాలుగు తేదీలు రాసుకోండి. 1942 ఆగస్టు 23న నగరం మీద జర్మన్ల భారీ బాంబు దాడి. నవంబరు 19న సోవియట్ ఎదురుదాడి మొదలు. నవంబరు 23కి జర్మన్ సేన చుట్టూ ఉచ్చు పూర్తి. 1943 ఫిబ్రవరి 2న మిగిలినవాళ్ల లొంగుబాటు. నవలలో ప్రతి అధ్యాయం వీటిలో ఏ రెండు తేదీల మధ్య నడుస్తోందో అంచున పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. నవంబరు మొదటి వారంలో మామూలు జర్మన్ సిపాయికి తాను ఉచ్చులో పడబోతున్నట్టు తెలియదు. తెలిసినట్టు మాట్లాడాడంటే, అక్కడ మాట్లాడుతున్నది రచయితే.

డివిజన్ల పేర్లు బట్టీ పట్టకండి, పరిమాణం గుర్తుంటే చాలు. కంపెనీ అంటే వంద, నూట యాభై మంది. డివిజన్ అంటే పది, పదిహేను వేలు. అదీ కాగితం మీద లెక్క. ఆ శిథిలాల్లో కొన్ని డివిజన్లలో వందల మందే మిగిలారు.

చలి, ఆకలి, పేలు, పై అధికారి అంటే భయం: వీటిని మంచి నవల చరిత్ర పుస్తకం కంటే బాగా చెబుతుంది. ఇద్దరు వీరుల ముఖాముఖి వచ్చినప్పుడు మాత్రం ఆగి చూసుకోండి. సోవియట్ స్నైపర్ (దాక్కుని దూరం నుంచి గురిచూసి కాల్చే సిపాయి) వసీలీ జైత్సెవ్ నిజంగా ఉన్న మనిషే. అతనితో తలపడ్డాడని చెప్పే జర్మన్ స్నైపర్ గురువుకు మాత్రం జర్మన్ రికార్డుల్లో ఆధారం దొరకలేదు.

ప్రశ్న: స్వయంగా చూసినవాళ్లు రాసిన డైరీలు, జ్ఞాపకాలైతే పూర్తిగా నమ్మొచ్చా?

జవాబు: జరిగిన రోజుకూ రాసిన రోజుకూ మధ్య ఎంత ఎడం ఉందో ముందు చూడండి. నాజీలకు భయపడి ఆమ్‌స్టర్‌డామ్‌లో దాక్కున్న యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ 1942 జూన్‌లో డైరీ మొదలుపెట్టింది. 1944 మార్చిలో లండన్‌లో ప్రవాసంలో ఉన్న డచ్ ప్రభుత్వ మంత్రి ఒకరు రేడియోలో మాట్లాడుతూ, జనం రాసుకున్న డైరీలు, ఉత్తరాలు యుద్ధం ముగిశాక సేకరిస్తామన్నాడు. అది విన్నాక ఆ పిల్ల తన డైరీని తానే తిరగరాసింది. 1947లో అచ్చయిన పుస్తకం తండ్రి ఆ రెండింటినీ కలిపి కూర్చినది. ఇందులో అబద్ధమేమీ లేదు. పదమూడేళ్ల పిల్ల రాతనీ, పదిహేనేళ్లకు ఆమె దిద్దుకున్న రాతనీ మనం కలిపి చదువుతున్నాం, అంతే. వీలైతే రెండు పాఠాలనూ విడివిడిగా ఇచ్చిన ప్రతి సంపాదించండి.

సేనాధిపతుల జ్ఞాపకాలతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. జర్మన్ ఫీల్డ్ మార్షల్ మాన్‌స్టైన్ 1955లో వేసిన పుస్తకం ఓటమి నెపాన్ని చాలావరకు హిట్లర్ మీదికి నెడుతుంది. 1949లో బ్రిటిష్ సైనిక కోర్టు అతనికి యుద్ధ నేరాల మీద శిక్ష వేసిందని తెలుసుకుని చదవండి. ఏ విషయాల దగ్గర నోరు మెదపలేదో అప్పుడు కనబడుతుంది.

ప్రశ్న: నష్టాల అంకెలు ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంటాయెందుకు?

జవాబు: చాలావరకు, చనిపోయినవాళ్ల లెక్కలో గాయపడినవాళ్లను కూడా కలపడం వల్ల. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ఒక ఉదాహరణ: 1916 జూలై 1న, ఫ్రాన్స్‌లో సోమ్ పోరాటం మొదటి రోజు, బ్రిటిష్ నష్టం 57,470. అందులో చనిపోయినవారు 19,240. పెద్ద అంకెను మరణాలుగా రాసేసే పుస్తకాలున్నాయి. అంకె కనబడగానే ఏ పక్షానిది, ఎన్ని రోజులది, గాయపడినవాళ్లూ బందీలూ కలిశారా అని చూడండి.