హైదరాబాద్ నుంచి సముద్రపు వేటకు వెళ్ళే అబ్బాయికి

హైదరాబాద్

చిరంజీవికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వూ నీ ఆఫీసు స్నేహితులూ కలిసి మచిలీపట్నం వెళ్ళి, అక్కడ బోటు మాట్లాడుకుని సముద్రంలో గాలం వేట చేయాలనుకుంటున్నారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషించాను. నా ఉద్యోగ జీవితమంతా కోస్తా తీరంలో మత్స్యకారుల మధ్యనే గడిచింది కనుక, మీరు బయలుదేరే లోపు కొన్ని మాటలు చెప్పడం నా బాధ్యత అనిపించింది. ఫోనులో చెబితే కొన్ని జారిపోతాయని ఉత్తరమే రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చెప్పవలసినది తొందర గురించి. తీరంలో ఉండే మత్స్యకారుడు తెల్లవారుజామున గాలి చూసి, నచ్చకపోతే పడవను ఒడ్డునే ఉంచి ఇంటికి వెళ్ళిపోతాడు. అతనికి రేపు ఉంది. నీకు ఉన్నవి శని, ఆదివారాలు మాత్రమే. సెలవు పెట్టి, కారు కట్టించుకుని, బోటుకు అడ్వాన్సు ఇచ్చి వెళ్ళినవాడికి వెనక్కి తిరగడం చాలా కష్టం. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన బోటులో మన తెలంగాణవాళ్ళు కూడా ఎంతోమంది ఉన్నారు. ఆ రోజు గోదావరి వరద మీద ఉంది. కాబట్టి అడ్వాన్సు ఇచ్చేటప్పుడే, వాతావరణం బాగాలేకపోతే రామనీ, ఆ డబ్బు ఇంకో వారానికి జమ వేసుకోవాలనీ బోటు యజమానితో ఖాయం చేసుకో. అందుకు ఒప్పుకోని యజమాని బోటు ఎక్కవద్దు.

ఎప్పుడు వెళ్ళాలన్నది రెండో సంగతి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంజను బోట్లకు వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ ఏర్పాటు. పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా నిషేధం. అంటే మృగశిర కార్తె నాడు రాంనగర్ మార్కెట్లో మనవాళ్ళు చేపల కోసం బారులు తీరే సమయానికి రెండు తీరాల్లోనూ ఇంజను బోట్లు ఒడ్డునే ఉంటాయి. ఆ రోజుల్లో ఎవరైనా బోటు తీస్తామన్నా మీరు వెళ్ళకూడదు. అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. 1977లో దివిసీమను ముంచిన ఉప్పెన వచ్చింది నవంబరు 19న, విశాఖ మీద హుద్‌హుద్ విరుచుకుపడింది 2014 అక్టోబరు 12న. జనవరి నుంచి మార్చి దాకా సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది. నా మాటగా ఆ మూడు నెలల్లోనే ఒక వారం ఎంచుకో.

సముద్రం లేని మన ఊళ్ళోనే సముద్రపు కబురు చెప్పే సంస్థ ఉంది. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ కార్యాలయం అలల ఎత్తు, గాలి వేగం, ప్రవాహాల సూచనలను రోజూ విడుదల చేస్తుంది. సునామీ హెచ్చరికలు వెలువడేదీ అక్కడి నుంచే. బయలుదేరే రెండు రోజుల ముందు నుంచి ఆ సూచనలు చూస్తూ ఉండు. అందులో ఇచ్చే అలల ఎత్తు, మొత్తం అలలలో పెద్దవైన మూడో వంతుకు తీసిన సగటు మాత్రమే. ఒక్కో అల దానికి దాదాపు రెట్టింపు ఎత్తున రావచ్చు. సూచనలో మీటరున్నర అని కనిపిస్తే చిన్న ఫైబర్ బోటులో వెళ్ళవద్దన్నది నా అభిప్రాయం. ఓడరేవులో ప్రమాద సూచిక ఎగరేసి ఉంటే, అది ఎన్నో నంబరని ఆరా తీయకుండా కారు వెనక్కి తిప్పు.

బోటు విషయంలో కొత్త రంగు చూసి మోసపోకు. చేపల వేటకు లైసెన్సు ఉండటం వేరు, మనుషులను ఎక్కించుకునే అనుమతి ఉండటం వేరు. రెండోది ఉందో లేదో అడిగి తెలుసుకో. తలకొక లైఫ్ జాకెట్ ఉండాలి, ఒడ్డున ఉండగానే వేసుకుని పట్టీలు బిగించుకోవాలి. జాకెట్‌ను భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటి రాకూడదు. వైర్‌లెస్ సెట్టు ఉంటే అది ఆపదలో పిలిచే 16వ ఛానెల్లో పలుకుతోందో లేదో సరంగును, అంటే బోటు నడిపేవాణ్ణి, ఒకసారి చూపమను. కోస్ట్‌గార్డు నంబరు 1554, తీరరక్షక పోలీసుల నంబరు 1093. రెండూ ఫోనులో దాచుకో. అయితే తీరం దాటి కొంత దూరం పోయాక ఫోను పలకదు కనుక, ఎన్నింటికి తిరిగి వస్తారో ఒడ్డున ఒక మనిషికి కచ్చితంగా చెప్పి వెళ్ళు.

మచిలీపట్నం దగ్గరి గిలకలదిండి లాంటి చోట్ల బోటు మొగ, అంటే కాలువ సముద్రంలో కలిసే చోటు, దాటి సముద్రంలోకి వెళ్ళాలి. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, కాలువ నీరు బయటకు లాగుతుంది, సముద్రపు కెరటం లోపలికి తోస్తుంది. రెండూ ఎదురైన చోట కెరటం నిటారుగా లేచి విరుగుతుంది. బోట్లు తిరగబడే చోటు అదే. అక్కడ అందరూ కింద కూర్చుని, రెండు చేతులతో అంచు పట్టుకోవాలి, ఫొటోలు తీయకూడదు. సరంగు కాసేపు ఆగుదామంటే, మీరు డబ్బిచ్చిన గంటలు గడిచిపోతున్నా సరే, ఆగండి.

కడుపులో తిప్పడానికి మాత్ర వేసుకోదలిస్తే డాక్టరును అడిగి బోటు ఎక్కడానికి ముందే వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక అది పెద్దగా పని చేయదు. గాలపు దారాన్ని ఎప్పుడూ వేలికి చుట్టుకోవద్దు. జెల్ల పడితే దాని వీపు మీదా రెండు పక్కలా ఉండే ముళ్ళు చాలా ప్రమాదకరం, టేకు చేపకు తోక మీది ముల్లు అంతకంటే ప్రమాదం. వాటిని గుడ్డతో పట్టుకునే సాహసం కూడా చేయక, దారం కోసి వదిలేయడమే మంచిది. ముల్లు గుచ్చుకుంటే, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో, అంటే సుమారు 45 డిగ్రీల్లో, అరగంట నుంచి గంటన్నర దాకా ఆ భాగాన్ని ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది, ఎందుకంటే ఆ విషం వేడికి విరిగిపోతుంది. నీళ్ళ వేడిని మాత్రం దెబ్బ తగలని చేతితో చూడాలి. ఆ తర్వాత ఆసుపత్రికి తప్పకుండా వెళ్ళాలి.

పొట్ట ఉబ్బించుకునే పఫర్ చేప పడితే వెంటనే సముద్రంలో వదిలేయండి. దాని కాలేయంలోనూ గుడ్లలోనూ చర్మంలోనూ ఉండే విషం ఎంత ఉడికించినా పోదు, దానికి విరుగుడు మందు లేదు. తిమింగల సొరనూ రంపపు చేపనూ 2001 నుంచి చట్టం కాపాడుతోంది, సముద్రపు తాబేళ్ళ వేట కూడా నేరమే. ఏ చేపనైనా సరంగు గుర్తుపట్టలేకపోతే దాన్ని ఇంటికి తేవద్దు.

ఇక ఐసు సంగతి. బోటు మీద ఎంతో జాగ్రత్తగా ఉన్నవాళ్ళు కూడా ఇక్కడ అశ్రద్ధ చేస్తారు. వంజరం, సూర, కానాగంతలు వంటి చేపలను ఎండలో వదిలేస్తే, వాటి మాంసంలో సూక్ష్మజీవుల వల్ల హిస్టమిన్ అనే పదార్థం పేరుకుంటుంది. ఒకసారి అది తయారయ్యాక వేయించినా, పులుసు పెట్టినా, ఫ్రీజరులో ఉంచినా పోదు. వాసన కూడా అంతగా తెలియకపోవచ్చు. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు మూడు గంటల లోపు ముఖం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు, నోట్లో మంట, గుండెదడ వస్తాయి. ఊపిరి ఆడకపోతే ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయకూడదు.

అందుకని చేప బోటులోకి వచ్చిన మరుక్షణమే పని మొదలవ్వాలి. మొప్పల దగ్గర కోసి, బకెట్టు సముద్రపు నీటిలో ఉంచి రక్తం పోనివ్వాలి. తర్వాత పొట్ట చీల్చి పేగులు తీసి, లోపల వెన్నెముక వెంబడి గడ్డకట్టిన నల్లటి రక్తాన్ని బొటనవేలితో గీకి కడగాలి. ఆ పొట్టలో దంచిన ఐసు కూరి, పెట్టెలో ఒక వరుస ఐసు, ఒక వరుస చేప, మళ్ళీ ఐసు వచ్చేట్టు సర్దాలి. చేప ఎన్ని కిలోలుంటే ఐసు కనీసం అన్ని కిలోలు కావాలి కనుక, వేటకు ముందే హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో దంచిన ఐసు కొని పెట్టుకోండి. హైదరాబాదుకు దారి 300 కిలోమీటర్లకు పైగా ఉంది. సూర్యాపేటలో టిఫినుకు ఆగినప్పుడు పెట్టె అడుగున చేరిన నీళ్ళు వంచేసి, తగ్గిన చోట ఐసు నింపండి. కరిగిన నీళ్ళలో నానిన చేప మెత్తబడి పాడవుతుంది. పెట్టెను కారులో ఏసీ తగిలే చోట ఉంచండి, డిక్కీలో వద్దు.

ఇంటికి వచ్చాక ఒకటి రెండు రోజుల్లో వండేది ఫ్రిజ్‌లో కింది అరలో, మిగతాది ఒక్కో పూటకు సరిపడా పొట్లాలు కట్టి ఫ్రీజరులో పెట్టండి. ఒకసారి కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టించవద్దు. మీ స్నేహితులు జపాను పద్ధతిలో పచ్చిగా తిందామంటారేమో, ఒప్పుకోకు. సముద్రపు చేపల్లో పురుగులు ఉంటాయి. వాటిని చంపడానికి మైనస్ 20 డిగ్రీల్లో ఏడు రోజులు ఉంచాలి, మన ఇళ్ళలోని ఫ్రీజర్ల చల్లదనాన్ని నమ్మలేం. ముల్లు దగ్గర మాంసం తెల్లబడి పొరలుగా విడేదాకా ఉడకాలి.

మీ అక్కకు ఇప్పుడు అయిదో నెల. సొర వంటి పెద్ద వేటచేపల్లో, బాగా ముదిరిన వంజరంలో పాదరసం చేరి ఉంటుంది కనుక అవి తనకు పంపవద్దు. చిన్న చేపల్లో అది చాలా తక్కువ. కానాగంతలు పడి, పట్టినప్పటి నుంచీ ఐసులోనే ఉండి ఉంటే, తనకొక పూటకు సరిపడా ఇవ్వు. లేదంటే ఏమీ అనుకోను.

ఇట్లు,
మీ పెదనాన్న