ఆ కప్పును మెరిపించకు

అమ్మాయీ,

పిల్లుల పోటీల బహుమతుల మీద నీ వ్యాసం అందింది. మొదటి పేజీలోనే "కాలగర్భంలో మెరిసే వెండి జ్ఞాపకాలు" అన్నావు. అక్కడే కాగితాలు పక్కన పడేసి లేచి కాఫీ కలుపుకున్నాను. వెండి నూటయాభై ఏళ్లు మెరవదు తల్లీ, నల్లబడుతుంది. మీ పూజగదిలో కుందులను అడిగినా చెబుతాయి.

పిల్లుల పోటీల తొలినాటి బహుమతులన్నిటినీ వరసగా నిలబెట్టి, అన్నిటికీ ఒకే విశేషణం తగిలించావు. ఎవరికిచ్చారు, ఎందుకిచ్చారు అని ఒక్కదాన్నయినా నిలదీయలేదు. 1871 జులై 13న లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో పిల్లుల పోటీ పెట్టిన హారిసన్ వియర్ చిత్రకారుడు. న్యాయనిర్ణేతలు ముగ్గురిలో ఆయన ఒకడు, ఆయన సొంత అన్న ఇంకొకడు. ఆయన పద్నాలుగేళ్ల పిల్లి 'ఓల్డ్ లేడీ'కీ బహుమతి వచ్చింది! ఇంత ముచ్చటను నువ్వు "చారిత్రక ఘట్టం" అని రెండు మాటల్లో దాటేశావు. ప్యాలెస్ నిర్వాహకులు ఆయనకు పెద్ద వెండి పానపాత్ర కూడా ఇచ్చారు. తరవాత ఇదే వియర్ అక్కడి పిల్లుల పెంపకందార్ల సంఘం నేషనల్ క్యాట్ క్లబ్‌కు తొలి అధ్యక్షుడై, సభ్యులకు పిల్లుల బాగోగుల కన్నా బహుమతుల మీదే ధ్యాస ఉందని విసిగి తప్పుకున్నాడు. ఆ పానపాత్రను చూసినప్పుడల్లా ఏమనుకునేవాడో! అది రాయాలి నువ్వు.

వస్తువు మీద రాసేవాళ్లు ముందు దానిమీద చెక్కిన పేరు చదవాలి, సొట్ట ఎక్కడుందో వేలితో తడమాలి. నలభై ఏళ్లుగా ఇదే చెబుతున్నాను, వినేవాళ్లు లేరు. పదో తరగతిలో వ్యాసరచనకు నాకొక స్టీలు గ్లాసు ఇచ్చారు. చెక్కినవాడు నా పేరులో ఒత్తు ఎగరగొట్టాడు. మా అమ్మ ముప్ఫయి ఏళ్లు దానితోనే బియ్యం కొలిచింది. దానిమీద కథ రాసి పంపితే, ఒక సంపాదకుడు (పేరెందుకులే) ఒత్తునూ బియ్యాన్నీ కొట్టేసి, "అమ్మ ప్రేమకు ప్రతీక" అని తగిలించి అచ్చేశాడు. ఆ సంచిక ఏ చెదలపాలైందో. గ్లాసు మాత్రం మా వంటింట్లోనే ఉంది.

న్యూయార్క్ సంగతికి రా. 1895 మేలో మాడిసన్ స్క్వేర్ గార్డెన్ పోటీలో అన్నిటికన్నా మేటిగా నిలిచింది కోజీ అనే గోధుమరంగు చారల, మెయిన్ కూన్ జాతి పిల్లి. దానికి పతకంతో పాటు వెండి మెడపట్టీ ఇచ్చారు. అమెరికాలో పిల్లుల చరిత్రను భద్రపరిచే సి.ఎఫ్.ఎ. ఫౌండేషన్ తరవాత ఆ పట్టీని కొని దాచింది. కప్పు మనిషి అల్మరాకు సరిపడే వస్తువు. పట్టీ అలా కాదు, పిల్లి మెడకు పట్టేట్టు చేయించినది. ఇంకొకటి గమనించావా? యజమానురాలు చరిత్రలో "మిసెస్ ఫ్రెడ్ బ్రౌన్"గానే మిగిలింది. పిల్లికి సొంత పేరుంది, ఆమెకు మొగుడి పేరే దక్కింది. నువ్వేమో "అదృష్టవంతురాలైన ఆ మహిళ" అని రాసి ఊరుకున్నావు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ఇప్పుడేం తొందర?

మూడో పేజీ అడుగున, మీ ఇంటి పిల్లికి పూసల తాడు కడితే వెనక కాలితో గీకి గీకి తెంపేసిందని రాశావు. అది చదివి నవ్వాను. వ్యాసం అక్కణ్ణుంచి మొదలుపెట్టు. పూసలు ఏ రంగువో రాయలేదు, అది కూడా రాసి పంపు.