ప్లగ్గులు మార్చినా మైలేజీ రావడం లేదా?

ప్రశ్న: మాది ఎనిమిదేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. లీటరుకి 16 ఇచ్చేది, మూడు నెలలుగా 11 దాటడం లేదు. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్పించి, ఇంజెక్టర్లు క్లీన్ చేయించాను. కొత్త ప్లగ్గులకీ మసి పట్టేసింది. పొద్దున సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది గానీ, బజార్లో ఆపి కాసేపటికి మళ్లీ తీస్తే ఒక పట్టాన స్టార్టవదు, పెట్రోలు వాసన. చెక్ ఇంజన్ లైటు వెలగలేదు, టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంది. ‘ఇథనాల్ పెట్రోలు వచ్చాక అందరిదీ ఇంతే’ అంటున్నాడు మెకానిక్. నిజమేనా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఈమధ్య షెడ్లలో ఏ జబ్బునైనా ఇథనాల్ మీదికి తోసేయడం మామూలైపోయింది లెండి. 20 శాతం ఇథనాల్ వల్ల పాత కార్లలో 6–7 శాతం మైలేజీ తగ్గొచ్చని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. ఆ లెక్కన మీ 16 కాస్తా 15 అవ్వాలి. 11కి ఎందుకు పడుతుంది?

చల్లగా ఉంటే టక్కున లేచే బండి, వేడి మీద మొరాయిస్తోందన్నారు చూడండి, నా అనుమానమంతా అక్కడే. మీ ఇంజన్ ఎంత వేడెక్కినా, పెట్రోలు ఎంత పోయాలో లెక్కేసే కంప్యూటర్ మాత్రం ఇంకా చల్లగానే ఉందనుకుంటోంది. పాత అంబాసిడర్‌కి చోక్ లాగి, మళ్లీ తోయడం మర్చిపోతే ఎలా ఉండేదో అలాగన్నమాట. అవసరానికి మించి పెట్రోలు పోస్తూనే ఉంటుంది. ప్లగ్గుల మసి దానిదే. ఈ తప్పుడు కబురు మోసేది చాలావరకు కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) వేడిని కొలిచే టెంపరేచర్ సెన్సరే.

మరి లైటెందుకు వెలగలేదు? వైరు పూర్తిగా తెగితే వెలుగుతుంది. సెన్సర్ ‘40 డిగ్రీలు’ అని చెబితే అదీ జరగగల సంగతే కదా, కంప్యూటర్ నమ్మేస్తుంది. ముల్లునీ నమ్మకండి. కొన్ని కార్లలో దానికి వేరే సెన్సర్ ఉంటుంది.

రాత్రంతా ఆపి ఉంచిన బండికి పొద్దున్నే స్కానర్ (కారు కంప్యూటర్‌లోని అంకెలు చూపించే పరికరం) పెట్టించండి. కీ ఆన్ చేయగానే కూలెంట్ వేడి, లోపలికి వెళ్లే గాలి వేడి రెండూ దాదాపు ఒకటే ఉండాలి. తర్వాత ఓ పావుగంట తిప్పండి. కూలెంట్ 85–95 మధ్యకి చేరాలి. చేరకపోతే సెన్సర్ కొనే ముందు ఒక్క మాట అడగండి: ఎప్పుడైనా థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి వెళ్లకుండా ఆపే వాల్వు) తీసేశారా అని. ‘మన ఎండలకి అదెందుకండీ’ అని పీకి పారేసే మహానుభావులు మన దగ్గర తక్కువేం లేరు. అది లేకపోయినా, తెరుచుకుని ఇరుక్కుపోయినా ఇంజన్ నిజంగానే వేడెక్కదు, పాపం సెన్సర్ నిజమే చెబుతుంది. ఆ రకం బండిలో రేడియేటర్ పై హోస్ స్టార్ట్ చేసిన దగ్గర్నుంచే మెల్లగా వెచ్చబడుతుంది. థర్మోస్టాట్ సరిగా ఉంటే కొన్ని నిమిషాలు చల్లగా ఉండి, ఒక్కసారిగా వేడెక్కుతుంది.

హోస్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా స్కానర్ 40 దగ్గరే ఉంటే దొంగ దొరికినట్టే. అయినా తొందరపడకండి, ముందు సెన్సర్‌కి వైర్లు తగిలించే కప్లర్ ఊడదీసి చూడండి. పిన్నులకి పచ్చటి చిలుం పట్టి ఉంటే అక్కడ రెసిస్టెన్స్ (కరెంటుకి అడ్డంకి) పెరిగి, మంచి సెన్సర్ కూడా చల్లగా ఉన్నట్టే చెబుతుంది. శుభ్రం చేసినా తేడా లేకపోతే మల్టీమీటర్‌తో సెన్సర్ రెసిస్టెన్స్ కొలిపించండి. ఇలాంటి సెన్సర్ చాలా కార్లలో చల్లటప్పుడు రెండు మూడు వేల ఓమ్‌లు, బాగా వేడెక్కాక రెండు మూడు వందల ఓమ్‌లు చూపిస్తుంది. వేడెక్కినా వేలల్లోనే ఉంటే మార్చేయండి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే మార్చాలి. కారిపోయినంత కూలెంట్ మళ్లీ పోయించి, లోపల చిక్కుకున్న గాలి తీయించండి.

ఆయిల్ డిప్‌స్టిక్ ఒకసారి వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే ఆయిల్ కూడా మార్పించక తప్పదు. ఇలాగే తిప్పితే సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పోతుంది, దాని ఖర్చు ముందు సెన్సర్ ఖర్చు ఒక లెక్కే కాదు. పని అయ్యాక మైలేజీని డ్యాష్‌బోర్డు అంకెతో చూడకండి. ఒకే బంకులో ట్యాంకు నింపించి, తిరిగి, మళ్లీ అక్కడే నింపించి లెక్కేయండి.