సశేషానికీ సమాప్తానికీ మధ్య

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన నీ ఫాంటసీ కథ మూడో, ఆఖరి సంపుటం చిత్తుప్రతిలోని రెండు వందల పేజీలూ అందాయి. రెండు రాత్రులు కూర్చుని పూర్తిగా చదివాను. పేజీల సంగతి తరువాత చెబుతాను. ముందు నీ ఉత్తరంలోని ఒక్క వాక్యానికి జవాబు రాయాలి: "ఆఖరి పుస్తకం కోసం ఇంతమంది ఎదురుచూస్తున్నారని తెలిసిన రోజు నుంచి కలం ముందుకు సాగడం లేదు." ఆ మాట రాయడానికి నీకు ఎంత బరువుగా అనిపించి ఉంటుందో ఊహించగలను. మొదటి పుస్తకం రాస్తున్నప్పుడు నీ కోసం ఎవరూ ఎదురుచూడలేదు. ఆ స్వేచ్ఛ ఇక తిరిగి రాదు. దాని స్థానంలో నీకు దక్కినది ఏమిటో తెలుసుకుంటే కలం మళ్ళీ కదులుతుందని నా నమ్మకం.

సాంఘిక నవల ఒకటి సగంలో ఆగిపోతే, మిగతా కథను పాఠకుడు తన అనుభవంతో ఎలాగో పూరించుకోగలడు. ఆస్తి వ్యాజ్యం ఎలా సాగుతుందో, మాటలు మానేసిన అన్నదమ్ములు ఏ సందర్భంలో మళ్ళీ ఒక గుమ్మం తొక్కుతారో అతడు కన్నవీ విన్నవీ ఉంటాయి. ఫాంటసీలో అతడికి ఆ ఆధారం లేదు. నీ లోకంలో నది కొండ మీదికి ఎందుకు పారుతుందో, మంత్రం పలికిన ప్రతిసారీ మనిషి ఒక జ్ఞాపకాన్ని ఎందుకు పోగొట్టుకుంటాడో నీకు తప్ప మరెవరికీ తెలియదు. తాళం వేసినదీ నువ్వే, తాళంచెవి ఉన్నదీ నీ దగ్గరే. అందువల్ల చివరి సంపుటం కోసం పాఠకుడు పడే ఆరాటంలో కొంత నిస్సహాయత ఉంటుంది. నీ మాట మీద అతడు నది ఎదురు పారుతుందని నమ్మాడు. ఆ నమ్మకాన్ని చివరిదాకా నిలబెడతావనే ఆశతోనే గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

ఆ నిరీక్షణలో అతడు ఖాళీగా ఉండడని కూడా గుర్తుంచుకో. ఇంగ్లీషు రచయిత టోల్కీన్ మహాకథ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రెండో సంపుటం 1954 నవంబరులో వెలువడింది. దాని చివర కథానాయకుడు ఫ్రోడో శత్రువుల చేతికి చిక్కుతాడు, అతడి తోడు సామ్ మూసుకున్న ద్వారం బయట మిగిలిపోతాడు. మూడో సంపుటం వచ్చింది 1955 అక్టోబరులో. అనుబంధాలు సిద్ధం కావడంలోనే చాలా ఆలస్యం జరిగింది. ఆ పదకొండు నెలలూ ఆ పాఠకులు ఆ ద్వారం దగ్గరే నిలబడి ఉన్నారు. అలా నిలబడినవాడు పాత సంపుటాలను మళ్ళీ చదువుతాడు, మూడోసారి చదువుతాడు, నువ్వు తోచినట్టు రాసేసిన చిన్న మాటను కూడా పట్టుకుంటాడు. చివరి పుస్తకం అతడి చేతికి చేరే నాటికి నీ మొదటి పుస్తకం నీకంటే అతడికే బాగా తెలిసి ఉంటుంది. నువ్వు రాస్తున్నది అలాంటి పాఠకుడి కోసమని మరిచిపోకు.

అతడు వేచి ఉన్నది రహస్యం కోసమేనని అనుకోవడం మన రచయితలు తరచుగా చేసే పొరపాటు. 2007 జూలై 21న హ్యారీ పాటర్ ఏడో పుస్తకం విడుదలైనప్పుడు ఒక్క అమెరికాలోనే మొదటి ఇరవై నాలుగు గంటల్లో 83 లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. మంచి గెలుస్తుందా, చెడు గెలుస్తుందా అన్న సందేహం తీర్చుకోవడానికే అంతమంది అర్ధరాత్రి దాకా మేలుకొని వరుసల్లో నిలబడ్డారని నేను అనుకోను. మొదటి పుస్తకం 1997లో వచ్చింది. అందులో పదకొండేళ్ళ వాడైన కుర్రవాడికి చివరి పుస్తకం నాటికి పదిహేడేళ్ళు. అతడితో పాటు పెరిగిన పిల్లలు అతడిని సాగనంపడానికి వచ్చారు. ఊరు విడిచి వెళ్ళే మనిషిని బండి ఎక్కించడానికి వెళ్ళినప్పుడు, బండి ఎక్కడికి వెళుతుందో మనకు తెలియక వెళ్ళం కదా.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. నా మూడు సంపుటాల కథలో రెండోది వెలువడిన తరువాత ఒక పాఠకురాలి నుంచి నాలుగు పేజీల ఉత్తరం వచ్చింది. రాజవంశాన్ని లోపలి నుంచి కూల్చుతున్నది వృద్ధుడైన గురువేనని ఆమె తేల్చి చెప్పింది, ఏయే పేజీలు చూసి ఆ నిర్ణయానికి వచ్చిందో కూడా వరుసగా రాసింది. ఆమె చెప్పిన ప్రతి మాటా నిజం. నేను ఆ ఆధారాలను అక్కడ పెట్టినదే ఎవరో ఒకరు చూస్తారని. అయినా చూశారని తెలియగానే కంగారుపడ్డాను. ముగింపు ముందే తెలిసిపోయిందనే భయంతో నేరాన్ని గురువు మీద నుంచి తీసి సేనాపతి మీద మోపాను. పుస్తకం వచ్చింది, అందరూ ఆశ్చర్యపోయారు, ఎవరి మనసూ కదలలేదు. ఆ పాఠకురాలు మళ్ళీ రాయలేదు. నా కథను అందరికంటే శ్రద్ధగా చదివిన మనిషిని, శ్రద్ధగా చదివినందుకే శిక్షించానన్న బాధ ఇన్నేళ్ళయినా నన్ను విడిచిపెట్టలేదు. నీ ముగింపును ఎవరైనా సరిగ్గా ఊహిస్తే సంతోషించు అమ్మా. నువ్వు వేసిన దారి కనబడుతున్నదని అర్థం. దాన్ని మార్చకు.

అలాగని పాఠకులు అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పాలని లేదు. ప్రశ్న వేరు, బాకీ వేరు. ఉత్తర దిక్కున ఉన్న మంచు నగరాన్ని ఎవరు కట్టారన్నది ప్రశ్న. అది తేలకపోయినా నీ లోకానికి లోతే పెరుగుతుంది. మొదటి సంపుటం తొలి అధ్యాయంలో తమ్ముడు అక్క చేతిలో నాలుక లేని కంచు గంటను పెట్టి, "దీనికి నాలుక దొరికిన రోజున మోగించు, ఎక్కడ ఉన్నా వస్తాను" అంటాడే, అది బాకీ. నీ పుస్తకాన్ని ప్రేమించిన వాళ్ళు ఎవరిని కదిలించినా ముందు ఆ గంట సంగతే అడుగుతారు. నువ్వు పంపిన రెండు వందల పేజీలలో గంట ప్రస్తావన ఒక్కసారి కూడా రాలేదు. యుద్ధ వ్యూహాలు ఉన్నాయి, కొత్తగా ముగ్గురు రాజులు వచ్చారు, సముద్రం అవతల ఒక దీవి పుట్టుకొచ్చింది. ముగించవలసిన పుస్తకంలో నువ్వు ఇంకా మొదలుపెడుతూనే ఉన్నావు.

ఇది నీ ఒక్కదానికే ఎదురైన కష్టం కాదు. పెద్ద కథలకు పెరగడం సులువు, ముడుచుకోవడం కష్టం. అమెరికన్ రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ మొదట మూడు పుస్తకాలని తలపెట్టిన కథ ఏడుకు పెరిగింది. మొదటిది 1996లో, అయిదోది 2011లో వచ్చాయి. పుస్తకాలు పూర్తి కాకముందే 2019లో వాటి ఆధారంగా తీసిన 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' టీవీ సీరియల్ తన ముగింపు తాను చెప్పుకొని వెళ్ళిపోయింది. రాబర్ట్ జోర్డాన్ 1990లో మొదలుపెట్టిన కాలచక్రం ('వీల్ ఆఫ్ టైమ్') కథకు ఇంకొక్క సంపుటంతో ముగింపు పలుకుతానని చెప్పి, అది పూర్తి కాకుండానే 2007లో కన్నుమూశారు. ఆయన భార్య, సంపాదకురాలు కూడా అయిన హ్యారియట్ ఆ పనిని బ్రాండన్ శాండర్సన్ అనే యువ రచయితకు అప్పగించారు. ఒక్కటనుకున్న సంపుటం మూడై, 2013లో ముగిసింది. అయితే చిట్టచివరి దృశ్యాన్ని జోర్డాన్ బతికి ఉండగానే రాసిపెట్టారు. చేరవలసిన చోటు స్పష్టంగా ఉండబట్టే మరో చెయ్యి అక్కడికి దారి వేయగలిగింది.

ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు మన భారతమే గుర్తుకు వస్తుంది. పదకొండో శతాబ్దంలో నన్నయ రచన అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో, శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గర ఆగిపోయింది. పదమూడో శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి అందుకుని పదిహేను పర్వాలు పూర్తి చేశారు గాని, మధ్యలో ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన దాన్ని పూరించడానికి కూర్చున్నప్పుడు ఏం చేశారో చూడు. నన్నయ వదిలిపెట్టిన ఆ శరత్తులోకే వెళ్ళి, రాత్రి దగ్గర ఆగిన కథను అదే శరత్తులోని సూర్యోదయంతో ఎత్తుకున్నారు. తన భాగాన్ని తన పేరిట నిలుపుకోకుండా, నన్నయే రాసినట్టుగా రాజరాజనరేంద్రుడికే అంకితం చేశారు. మూడు శతాబ్దాల తరువాత వచ్చిన మనిషి ఆ చివరి పద్యాన్ని ఎన్నిసార్లు చదువుకుని ఉంటాడు! నీ మూడో సంపుటానికి నువ్వే ఎర్రనవు. మొదటి సంపుటం రాసిన అమ్మాయి ఇప్పుడు నీలో లేదు. ఆమె ఏ వెలుతురులో కథను ఆపిందో కనుక్కుని అక్కడ నుంచే అందుకోవాలి. కాబట్టి ఒక వారం పాటు కొత్త పేజీ రాయకుండా, నీ రెండు పుస్తకాలనూ పరాయివాళ్ళవి చదివినట్టు చదువు. మాట ఇచ్చిన ప్రతి చోటునూ ఒక నోటుపుస్తకంలో ఎక్కించు.

యుద్ధం తరువాత ఏమి మిగలాలన్నది నువ్వు అడగలేదు, కాని పేజీలు చూస్తే నీ దృష్టి అంతా యుద్ధం మీదే ఉన్నట్టు తోచింది. టోల్కీన్ కథలో, ఫ్రోడో నాశనం చేయడానికి మోసుకువెళ్ళిన ఉంగరం నిప్పులో పడిన తరువాత ఇంకా ఆరు అధ్యాయాలు ఉన్నాయి. అవి లేకపోతే ఫ్రోడోకు తగిలిన గాయం మానదన్న సంగతి మనకు తెలిసేది కాదు. ఆయన ఆ తరువాత కూడా సామ్ తన పిల్లలతో ముచ్చటించే ఒక భాగం రాసి, చదివినవాళ్ళ సలహాతో తీసేశారు. ఎక్కడిదాకా ఉండాలో, ఎక్కడ లేవాలో రెండూ ఆయనకు తెలుసు. నీ కథలో మంత్రానికి జ్ఞాపకం మూల్యం. చివరి మంత్రం పలికాక నీ కథానాయిక పోగొట్టుకున్న జ్ఞాపకాలు ఏ దేవత వరంతోనో తిరిగి వస్తే, రెండు సంపుటాలుగా ఆమె చెల్లించినదంతా ఉత్తుత్తిదవుతుంది. తిరిగి ఇవ్వకు. అవి లేకుండా ఆమె ఎలా బతుకుతుందో చూపించడానికి కావలసినన్ని పేజీలు తీసుకో.

ముగింపు వాక్యం ఇప్పుడే కుదరలేదని బాధపడకు. హ్యారీ పాటర్ చివరి పదం 'మచ్చ' అని రచయిత్రి రౌలింగ్ ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. అచ్చయిన పుస్తకం ఆ పదంతో ముగియలేదు. అట్ట మీద 'ఆఖరి పుస్తకం' అని వేయాలా అని నీ ప్రచురణకర్త అడుగుతున్నట్టు రాశావు. వద్దను. అమెరికన్ రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1990లో, ఎర్త్‌సీ అనే కల్పిత దీవుల లోకంలో నడిచే తన నాలుగో నవలకు అలాగే ఉపశీర్షిక పెట్టి, 2001లో మళ్ళీ ఆ దీవులకు వెళ్ళి, ఆ తొందరపాటును తానే ఒప్పుకున్నారు.

ఇక నీ పేజీల సంగతి. నూట పన్నెండో పేజీలో నీ కథానాయిక పడవలో నిద్రపోతూ ఉంటుంది. పడవవాడి వలకు కట్టిన ఇనుపగుండు అలల ఊపుకు కదిలి పడవ అంచుకు తగులుతుంది. ఆ చిన్న చప్పుడుకు ఆమె ఉలిక్కిపడి లేచి, ఎవరో పిలిచినట్టు ఒడ్డు వైపు చూస్తుంది. ఎందుకు చూసిందో నువ్వు రాయలేదు. తరువాతి పేరాలోనే మళ్ళీ రాజుల మంతనాల్లోకి వెళ్ళిపోయావు. ఆ గుండు ఎంత ఉంటుందో, దానికి కట్టిన తాడు ఎంత పొడవో కూడా రాశావు. కంచు గంట లోపలి కొలతలు మొదటి సంపుటం ఆరో పేజీలో ఉన్నాయి. రెండు పేజీలలోనూ ఆ వాక్యాల పక్కన పెన్సిలుతో గీత పెట్టి, ఈ ఉత్తరంతోనే నీకు పంపుతున్నాను.