వ్యానుకి గ్యాస్ కిట్టు బిగించుకుంటానంటున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పడకా పొయ్యీ ఉండే పాత ఫోక్స్‌వ్యాగన్ టీ4 క్యాంపర్ వ్యాను కొన్నావనీ, అది గ్యాస్ మీద కూడా నడిచేలా నీ చేత్తో ఎల్పీజీ కిట్టు బిగించుకుంటానంటున్నావనీ అక్క ఫోన్‌లో చెప్పింది. "నువ్వైనా చెప్పరా వాడికి" అని ఒకటే గోల. నేను వద్దనను. ఇంగ్లండు వర్క్‌షాపుల్లో ఇన్నేళ్ళు పనిచేసిన మీదట నా అభిప్రాయం ఏమిటంటే, ఇందులో ముప్పాతిక పని స్పానరు పట్టడం వచ్చినవాడు ఎవడైనా ఓపిగ్గా చేసుకోవచ్చు. మిగిలిన పావు మాత్రం ఇంకొకడి చేత చేయించాలి. గ్యాస్ లైను జాయింట్ల పరీక్ష, కంప్యూటర్‌తో చివరి ట్యూనింగ్, సర్టిఫికెట్: ఈ మూడూ ఆ పావులోకి వస్తాయి.

అందుకే కిట్టు కొనకముందే గుర్తింపు ఉన్న ఎల్పీజీ ఇన్‌స్టాలర్‌ని ఒకణ్ణి పట్టుకో. వేరేవాళ్ళు బిగించినదానికి సంతకం పెట్టడానికి చాలామంది ఒప్పుకోరు. "నేను బిగిస్తాను, మీరు దగ్గరుండి చూసి, పరీక్ష చేసి కాగితం ఇస్తారా?" అని ముందే అడుగు. ఒప్పుకున్నవాడు ఏ కిట్టు వాడమంటే అదే కొను. పనంతా అయ్యాక వెతుక్కుంటూ తిరిగితే నీకు దొరికేది నిట్టూర్పులే. ఆ కాగితం లేకపోతే ఇన్సూరెన్సు వాళ్ళ దగ్గర పేచీ. లాగ్ బుక్కులో (బండి రిజిస్ట్రేషన్ కాగితంలో) ఇంధనం మారిందని, బళ్ళ రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్ఏకి కూడా రాయాలి, అది మర్చిపోకు.

నీది పెట్రోలు బండే కదా? డీజిలైతే ఈ ఉత్తరం మడిచి పక్కన పెట్టు, అందులో స్పార్కు ప్లగ్గే ఉండదు. నీది 2.5 లీటర్ల పెట్రోలు ఇంజనైతే దానికి ఐదు సిలిండర్లు. చవగ్గా దొరుకుతోందని నాలుగు సిలిండర్ల కిట్టు తెచ్చుకుంటే ఐదో దానికి దిక్కుండదు. ఆరు సిలిండర్లకి పనికొచ్చే గ్యాస్ కంప్యూటర్ తీసుకుని ఒక లైను ఖాళీగా వదిలెయ్యాలి. ఇన్‌టేక్ గొట్టం మధ్యలో మిక్సర్ రింగు పెట్టే పాత పద్ధతి జోలికి మాత్రం పోకు. అందులో మానిఫోల్డ్, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టాల గుత్తి, నిండా గ్యాసే ఉంటుంది. మంట వెనక్కి తన్ని ఒక్క బ్యాక్‌ఫైర్ వచ్చిందంటే ప్లాస్టిక్ ఎయిర్ బాక్సు పగిలి చేతికొస్తుంది. ఒక్కో సిలిండర్‌కి విడిగా ఇంజెక్టర్ ఉండే సీక్వెన్షియల్ కిట్టే తీసుకో. దానికంటే ముందు ప్లగ్గులు, ప్లగ్ వైర్లు కొత్తవి వెయ్యి. గ్యాస్ అంటుకోవాలంటే పెట్రోలు కంటే గట్టి స్పార్కు కావాలి. పెట్రోలు మీద నత్తినత్తిగా నడిచే ఇంజను గ్యాస్ మీద బాగుపడదు.

ఇక క్యాంపర్ కాబట్టి నీకు తప్పకుండా వచ్చే ఆలోచన ఒకటుంది: "ఎలాగూ ట్యాంకు పెడుతున్నాం, దాన్నుంచే పొయ్యికి కూడా లాగేద్దాం." ఆ పని చెయ్యకు. ఇంట్లో అమ్మ గ్యాస్ బండ ఎప్పుడూ నిలబెట్టే ఉంచుతుంది, చూశావుగా. ద్రవం అడుగున ఉంటుంది, ఆవిరి పైన చేరుతుంది, రెగ్యులేటర్ పైనుంచి ఆ ఆవిరినే తీసుకుంటుంది. ఇంజను ట్యాంకులో దీనికి తలకిందులు. లోపలి గొట్టం అడుగుదాకా దిగి ద్రవాన్నే లాగుతుంది. ఆ లైనుకి టీ జాయింటు వేసి పొయ్యికిచ్చావంటే ద్రవం నేరుగా రెగ్యులేటర్‌లో పడుతుంది. పొయ్యికి కావలసింది 30 మిల్లీబార్లు, ట్యాంకులో 20 డిగ్రీల దగ్గరే ఏడు బార్లు దాటి ఉంటుంది. పైగా ఒక లీటరు ద్రవం సుమారు 270 లీటర్ల ఆవిరి అవుతుంది. నువ్వు పడుకునే చోట అది ఎంతో ఊహించుకో. పొయ్యికి దాని సిలిండర్ దానికే ఉండనీ. ఆ సిలిండర్ పెట్టే అరలో నేల మీద కన్నం ఉంటుంది, గాలికంటే బరువైన గ్యాస్ కిందికి జారిపోవడానికి. చలిగాలి వస్తోందని దాన్ని కార్పెట్‌తో మూసేసే మహానుభావులు ఉన్నారు, నువ్వు వాళ్ళలో చేరకు.

ఇదే పిచ్చి తిరగేసి మన దేశంలోనూ ఉండేది. మారుతీ వ్యాన్ వెనక వంటింటి బండ పెట్టి ఇంజనుకి లాగేవాళ్ళు. అది చట్టవిరుద్ధం, ప్రమాదం కూడా. మీ నాన్న ఆ కథలు చెప్పి "అక్కడ నడిచిందిగా" అంటే వినకు.

ట్యాంకు దగ్గర కక్కుర్తి వద్దు, కొత్తదే కొను. దాని ప్లేటు మీద ఈసీఈ 67ఆర్-01 అని, అంటే బళ్ళ గ్యాస్ ట్యాంకుల భద్రతా ప్రమాణం పేరు, ఉండాలి. టీ4లో స్టెప్నీ వెనక అడుగున వేలాడుతుంది, అక్కడ గుండ్రటి ట్యాంకు పడుతుంది. 60 లీటర్లని రాసి ఉన్నా 48 మాత్రమే నిండుతుంది, ఫ్లోటు 80 శాతం దగ్గర ఆపేస్తుంది. ద్రవం వేడికి వ్యాకోచిస్తుంది కాబట్టి ఆ ఖాళీ ఉండి తీరాలి. ఒత్తిడి 27 బార్ల దగ్గరికి వెళ్తే సేఫ్టీ వాల్వు తెరుచుకుంటుంది. ట్యాంకు వాల్వుల్ని కప్పే బాక్సు నుంచి వచ్చే గొట్టం నోరు వ్యాను బయట, సైలెన్సర్‌కి దూరంగా, కిందికి చూస్తూ ఉండాలి. ట్యాంకు పట్టీల బోల్టులు రేకుకి బిగించి వదిలెయ్యకు, పైన వెడల్పాటి ప్లేట్లు పెట్టి బిగించు. నిండిన ట్యాంకు బరువు సడన్ బ్రేకు వేసినప్పుడు తెలుస్తుంది.

వేపరైజర్‌ని, అంటే ద్రవాన్ని ఇంజనుకి పంపేముందు ఆవిరి చేసే డబ్బాని, రేడియేటర్ నీటి మట్టానికి కిందుగా బిగించు. పైన పెడితే గాలి చేరి వేడినీళ్ళు దాన్లోకి వెళ్ళవు. ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడినంతా లాగేస్తుంది కాబట్టి, వేడినీళ్ళు అందకపోతే వేపరైజర్ మంచు పట్టేస్తుంది. బండి పెట్రోలు మీద స్టార్టయి, నీళ్ళు వేడెక్కాకే గ్యాస్‌కి మారేది అందుకే.

అన్నిటికన్నా చెయ్యి వణికే పని మానిఫోల్డ్‌కి కన్నాలు పెట్టడం. ఇంజను మీద ఉండగానే గ్రీజు పూసి డ్రిల్ చేసేవాళ్ళున్నారు, కానీ నువ్వు దాన్ని విప్పి బెంచీ మీదికి తెచ్చుకో. ఒక్క అల్యూమినియం పొట్టు వాల్వు కింద ఇరుక్కుంటే చాలు, ఇంజను పైభాగమైన హెడ్డు విప్పాల్సొస్తుంది. కన్నం వీలైనంత హెడ్డు దగ్గరగా, గాలి వెళ్ళే వైపుకి వాలుగా, ఐదింటికీ ఒకే దూరంలో ఉండాలి. 5 మిల్లీమీటర్ల బిట్టు, తర్వాత కన్నంలో మరలు కోసే ఎం6 ట్యాపు. ట్యాపు అరచుట్టు తిప్పి పావుచుట్టు వెనక్కి తిప్పుతూ పోతే పొట్టు విరుగుతుంది. ఇంజెక్టర్ నుంచి కన్నం దాకా వచ్చే రబ్బరు గొట్టాలు ఐదూ ఒకే పొడవుండాలి, పొట్టివైతే ఇంకా మంచిది.

వైరింగ్ గురించి ఎక్కువ చెప్పను, అందులో నువ్వే నాకంటే నయం. టేపు చుట్టొద్దు, సోల్డర్ చేసి హీట్ ష్రింక్ వెయ్యి.

ఖర్చు లెక్క వేసుకో. పెట్రోలు 10 లీటర్లు తాగే దూరానికి గ్యాస్ 12, ఒక్కోసారి 12.5 అవుతుంది. గ్యాస్ పంపులు ఏటా తగ్గిపోతున్నాయి, మీ ఇంటికి దగ్గర్లో ఒకటి లేకపోతే అసలు మొదలుపెట్టకు. గ్యాస్ పెట్టించినంత మాత్రాన పొగ ఎక్కువ వదిలే బళ్ళకి లండన్‌లో వేసే యూలెజ్ చార్జీ పోతుందనుకోవద్దు. ఫ్రాన్స్ వెళ్ళాలంటే సముద్రం కింది సొరంగంలో బళ్ళని మోసుకెళ్ళే షటిల్ రైల్లో గ్యాస్‌తో నడిచే బండిని ఎక్కించుకోరు, ఫెర్రీ కంపెనీని ముందే అడుగు.

బండి గ్యాస్ మీద మొదటిసారి తిరిగిన రోజున ఇన్‌స్టాలర్ పక్కన ఉండాలి, నువ్వొక్కడివే స్విచ్చు నొక్కొద్దు. ట్యాంకు కొనేముందు ప్లేటు ఫొటో పంపు. ఎం6 ట్యాపు నా దగ్గరుంది, కొనకు. మానిఫోల్డ్ ఏ శనివారం విప్పుతావో చెబితే తీసుకొస్తాను.

ఇట్లు,
మీ మావయ్య