టీడీఎస్ 40 వచ్చింది, ఇంక భయం లేనట్టేనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు చూస్తే సగం మంది ఒకటే రాశారు, మా నీళ్ల టీడీఎస్ (అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) ఇంత, తాగొచ్చా తాగకూడదా అని. ఆ పెన్ను మీటరు చవగ్గా దొరుకుతోంది కాబట్టి ప్రతి వీధిలో ఒకరి దగ్గరుంటోంది. థర్మామీటరు పెట్టి షుగరు ఎంతుందో చెప్పమన్నట్టుంది మన వాడకం. సరే, ముందు ఆ ప్రశ్నే తీసుకుంటున్నా.

ప్రశ్న: మాది పొదిలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని చాలా ఏళ్లుగా తాగడానికి ప్లాంటు క్యాను కొంటున్నాం. మా ఆడపడుచు కొడుకు మీటరు తెచ్చి చూస్తే క్యాను నీళ్లు 40, బోరు నీళ్లు 1100 చూపించింది. 40 అంటే భేషుగ్గా ఉన్నట్టే అన్నాడు. మరి మా చిన్నదానికి పళ్ల మీద గోధుమరంగు చారలు ఎందుకొచ్చాయి? అత్తయ్యకి నడుము, మోకాళ్లు పట్టేస్తున్నాయి, అది కూడా నీళ్ల వల్లేనా? (ఒక సోదరి, పొదిలి)

జవాబు: అమ్మా, మీరు అన్నీ రాశారు గానీ ఒకటి రాయలేదు, అన్నం, పప్పు, టీ ఏ నీళ్లతో చేస్తున్నారు? మీ వైపు చాలా ఇళ్లల్లో క్యాను నీళ్లు గ్లాసుల్లోకే, పొయ్యి మీదకి మాత్రం బోరు నీళ్లే, డబ్బులు పెట్టి కొన్న నీళ్లు ఎసట్లో పోయడానికి చెయ్యి రాదు ఎవరికైనా. కానీ మీ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ అనే లవణం ఎక్కువగా ఉండొచ్చు, పళ్ల మీద చారలకి నా అనుమానం దాని మీదే. పప్పు ఉడికేటప్పుడు నీళ్లు ఆవిరై పోతాయి, ఫ్లోరైడ్ మాత్రం ఎక్కడికీ పోదు, గిన్నెలోనే ఉంటుంది. కాచి చల్లార్చినా అంతే, క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు సరికదా నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది.

మీ ప్రాంతానికి ఈ బాధ ఇవాళ్టిది కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) గురించి డాక్టర్లు మొదటిసారి పత్రికలకెక్కించింది 1937లో, అదీ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లా గురించి. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోవే, ఒంగోలు జిల్లా విడిగా ఏర్పడింది 1970లో కదా. తర్వాత తర్వాత నల్గొండ పేరు ఎక్కువ వినపడింది, పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్ పరిశోధన సంస్థ నీరి వాళ్లు నల్గొండ టెక్నిక్ అనే పేరు పెట్టేశారు.

ఇక మీటరు సంగతి. నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి, కరిగిన లవణాలన్నీ కలిపి ఇంత ఉండొచ్చని అది ఒక అంచనా వేస్తుంది, అంతే. ఏ లవణం ఎంతో చెప్పదు. ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా అని తాగేనీళ్లకి మన దేశం పెట్టుకున్న ప్రమాణం ఐఎస్ 10500 చెప్తోంది. మీ బోరులో 1 ఉన్నా 4 ఉన్నా ఆ పెన్ను మీద తేడా మూడు, 1100కీ 1103కీ మధ్య ఎవడు కనిపెడతాడు? క్రిములైతే దానికి అసలు కనపడవు. 40 ఉన్న నీళ్లలో మనిషిని మంచాన పడేసేంత బ్యాక్టీరియా ఉండొచ్చు, 600 ఉన్న నీళ్లు నిక్షేపంగా ఉండొచ్చు.

కాబట్టి చేయాల్సిందేంటంటే, బోరు నీళ్లు ఒక సీసా, క్యాను నీళ్లు ఒక సీసా విడివిడిగా పట్టి, ఏది ఏదో చీటీ అంటించి, ఆర్‌డబ్ల్యూఎస్ (ప్రభుత్వ గ్రామీణ నీటి సరఫరా శాఖ) నీటి పరీక్షల ల్యాబులో ఇవ్వండి, ఫ్లోరైడ్, నైట్రేట్ రెండూ చూడమని నోటితో అడగండి. క్రిముల పరీక్షకి మాత్రం కూల్‌డ్రింకు సీసా పనికిరాదు, వాళ్లే శుభ్రమైన సీసా ఇస్తారు. క్యాను నీళ్లు కూడా ఎందుకంటే, ప్లాంటులో నీళ్లని వడగట్టే ఆర్వో మెంబ్రేన్ అనే పొర బాగున్నన్నాళ్లు ఫ్లోరైడ్‌ని బాగానే ఆపుతుంది, అది అరిగాక ఆపదు, మార్చారో లేదో ప్లాంటువాడికే తెలియాలి. ఆటోలో వచ్చే ఆ క్యానుకి చాలాచోట్ల ఐఎస్ఐ మార్కు గానీ సీలు గానీ ఉండవు. ఒకసారి ఖాళీ క్యాను ఎండకేసి పట్టి లోపల అడుగున చూడండి, పచ్చగా జిగట పట్టి ఉంటే ఆ ప్లాంటు సంగతి ఇంక ల్యాబు చెప్పక్కర్లేదు.

పాప పళ్ల విషయం, ఆ చారలు ఇప్పుడు తాగిన నీళ్లవి కావు, చిగుళ్ల లోపల పన్ను తయారయ్యే వయసులో ఒంట్లోకి వెళ్లిన ఫ్లోరైడ్‌వి అయ్యుండొచ్చు, పళ్ల డాక్టరు చూస్తే చెప్తారు. నీళ్లు మార్చినంత మాత్రాన వచ్చిన చార పోదు, ఇంట్లో ఇంకా చిన్నపిల్లలుంటే మాత్రం వంట నీళ్లు ఇవాళే మార్చండి. అత్తయ్యగారి మోకాళ్లు నీళ్ల వల్లా, వయసు వల్లా అన్నది ఉత్తరం చూసి చెప్పే పని కాదు, ఎముకల డాక్టరుకి చూపించండి, చూపించేటప్పుడు ఎన్నేళ్లు బోరు నీళ్లు తాగారో అది కూడా చెప్పండి, వాళ్లు అడగరు ఒక్కోసారి. ఇంకో మాట, రేపు ఇంట్లోనే ఆర్వో పెట్టుకుంటే ఆ పక్క గొట్టంలోంచి పోయే నీళ్లు గేదెకి పెట్టకండి, వదిలిపెట్టిన ఫ్లోరైడంతా అందులోనే ఉంటుంది. బాత్రూం కడుక్కోండి.

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర. కాలవ నీళ్లే చెరువులోకి తోడి కుళాయిలకి వదులుతారు. పొద్దున మొదట వచ్చే నీళ్లు మురుగు వాసన, తర్వాత బాగానే ఉంటాయి. మోటరు పెడితే గానీ పై ట్యాంకుకి ఎక్కవు. వారం నుంచి బాబుకి విరేచనాలు. మా నాయనమ్మ చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపితే చాలు అంటోంది. (ఒక గృహిణి)

జవాబు: వారం నుంచి అంటే ఈ జవాబు కోసం చూస్తూ కూర్చోకుండా ఇప్పటికే ఆస్పత్రికి వెళ్లుంటారని అనుకుంటున్నా. ఓఆర్ఎస్ పెద్ద పొట్లం మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, చిటికెడు చిటికెడు గ్లాసులో వేస్తే పాళ్లు తప్పుతాయి. రక్తం పడినా, ఒంటేలు తగ్గినా, పిల్లాడు మగతగా ఉన్నా ఆలస్యం చేయొద్దు.

నీళ్ల సంగతికొస్తే, తప్పు చెరువు దగ్గరా ఫిల్టరు దగ్గరా కాకపోవచ్చు, దారిలో ఉంది. మన ఊళ్లల్లో పైపులో నీళ్లు రోజంతా ఉండవు కదా, గంటో రెండు గంటలో వదిలి కట్టేస్తారు. వదిలినప్పుడు ఎక్కడైనా లీకుంటే నీళ్లు బయటికి కారతాయి, కట్టేశాక అదే కన్నంలోంచి చుట్టూ నిలబడ్డ మురుగు లోపలికి వస్తుంది. దానికి తోడు కుళాయి లైనుకే డైరెక్టుగా మోటరు బిగించేసి పీలుస్తుంటే ఆ లాగుడుకి మీ ఇంటి ముందు మురుగే కాదు వీధి వీధంతా ఉన్న మురుగు వచ్చి పైపులో పడుతుంది, మీరు ఆపేసినా పక్కింటాయన ఆపకపోతే మీకు కష్టమే, అందుకే ఇది వీధి అంతా కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం, కొట్టుకున్నా పర్లేదు గానీ తేల్చుకోండి. నీళ్లని ముందు సంపులోకి వాటంతట అవే పడనిచ్చి, సంపులోంచి మోటరుతో పైకి ఎక్కించుకోవాలి.

నీళ్లు వదలని టైములో గుమ్మం ముందు సైడు కాలవ చూడండి. మీ కనెక్షను పైపు ఆ కాలవలోంచే అవతలికి దాటుతూ ఉంటుంది, నడిమధ్యలో ఒక జాయింటు, దానికి చుట్టిన పాత ట్యూబు ముక్క, దాని మీద నల్లటి బురద. చాలా ఇళ్ల రోగం అక్కడే ఉంటుంది. పైపుని కాలవ పైనుంచి, జాయింటు లేకుండా, వేరే పెద్ద గొట్టంలో దూర్చి వేయించుకుంటే ప్లంబరుకి ఒక పూట పని.

పంచాయతీ, మున్సిపాలిటీ వాళ్ల దగ్గర క్లోరోస్కోప్ అని చిన్న పెట్టె ఉంటుంది. మీ కుళాయి నీళ్లలో చుక్కలు వేస్తే పసుపు రంగు తిరగాలి. చివరి ఇంట్లో కూడా లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్నది లెక్క. రంగే రాకపోతే క్లోరిన్ అసలు కలపలేదో, దారిలో మురుగు తినేసిందో అన్నమాట, వాళ్ల ఎదురుగానే చూపించండి, నోటితో చెప్తే నమ్మరు.

చిల్లగింజ విషయంలో నాయనమ్మగారిని తీసిపారేయకండి, గోదావరి ఎర్రనీళ్లు తేరుకోవడానికి అది నిజంగా పనిచేస్తుంది, పటిక కూడా అంతే. కానీ తేరిన నీళ్లు వేరు, క్రిమి చచ్చిన నీళ్లు వేరు. ముందు తేర్చి, గుడ్డలో వడగట్టి, ఆ తర్వాత బాగా తెర్లేదాకా కాచాలి. క్లోరిన్ బిళ్ల వేసేవాళ్లు కూడా తేర్చాకే వేయాలి, బురద ఉంటే ఆ క్లోరినంతా దానికే సరిపోతుంది.

ప్రశ్న: రాగి బిందెలో నీళ్లు పోసి ఉంచితే ఫిల్టరు అక్కర్లేదంటున్నారు, నిజమేనా? (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: రాత్రంతా ఉంచితే క్రిములు కొంత తగ్గుతాయి, ఫ్లోరైడ్, నైట్రేట్, ఉప్పు తగ్గవు. అందులో మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు పోయొద్దు. ఫిల్టరు అమ్ముకోకండి.

ప్రశ్న: అన్నా, మాది జనగామ. సంపు రెండేండ్ల సంది కడగలె. నేనే దిగి యాసిడ్ పోసి రుద్ది, బ్లీచింగ్ చల్లుదామనుకుంటున్న. ఎంత వెయ్యాలె?

జవాబు: తమ్ముడూ, ఆగు. యాసిడ్, బ్లీచింగ్ ఒకచోట కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఆరుబయట వస్తేనే కళ్లు, గొంతు మండిపోతాయి, నువ్వు దాన్ని గొయ్యిలో కూర్చుని కలుపుతానంటున్నావు. రెండేళ్లు మూత తీయని సంపులో అసలు గాలే సరిగ్గా ఉండకపోవచ్చు, దిగినవాడికి వాసన కూడా రాదు, కళ్లు తిరిగి పడతాడు, వాణ్ని లాగుదామని దూకినవాడూ పడతాడు. పేపర్లో ఇద్దరు ముగ్గురు ఒకేసారి పోయారని చదివేవి ఎక్కువగా ఇలాంటివే. ఎవరైనా లోపల పడితే దిగొద్దు, 101కి ఫోన్ చెయ్యి. డీజిల్ ఇంజను, పెట్రోల్ పంపు లోపలికి దించొద్దు, దాని పొగ ఇంకా ప్రమాదం.

నీళ్లన్నీ తోడేసి, మూత తీసి బాగా గాలాడనిచ్చి, పొడుగు కర్ర బ్రష్షుతో పైనుంచే రుద్దు. దిగక తప్పకపోతే రోజూ ఆ పని చేసేవాళ్లని పిలువు, అయినా పైన మనిషి లేకుండా దింపొద్దు. మోటరు స్టార్టర్ దగ్గర ఆపితే చాలదు, మెయిన్ దించాలి. తాళం పెట్టే మూత వేయించు, పిల్లలున్న ఇల్లైతే ఇంక చెప్పక్కర్లేదు.

బ్లీచింగ్ లెక్క, మంచి పౌడరైతే మళ్లీ నింపిన నీళ్లు వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు, అంటే టీ చెంచాకి కాస్త వెలితిగా. బకెట్టులో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైన తేటే సంపులో పోసి, గంట ఆగి వాడుకోండి. మూత తీసి ఏడాదైన సంచిలో పౌడరు ఉత్త సున్నంతో సమానం, కొత్తది కొను.

ప్రశ్న: మా మదనపల్లెలో చలికి పిల్లలకి హీటర్ రాడ్‌తో నీళ్లు కాస్తాం. ఎంసీబీ ఉంది కదా, పర్లేదా? (ఒక తండ్రి)

జవాబు: ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు కట్టేసే స్విచ్చు) వైరింగ్ కాలిపోకుండా చూస్తుంది, మనిషికి షాకు కొడితే ఆ స్విచ్చు పడిపోవాలని లేదు. ఆ పని ఆర్‌సీసీబీది (కరెంటు లీకైతే వెంటనే కట్టేసే స్విచ్చు), 30 మిల్లీ ఆంప్‌ది వేయించండి, దాని మీదున్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడండి, స్విచ్చు పడిపోతే పనిచేస్తున్నట్టు. ఎర్తింగ్ గొయ్యి ఎండిపోయుంటే నీళ్లు పోయండి. రాడ్ మాత్రం ప్లగ్గు పీకాకే నీళ్లలో చెయ్యి పెట్టాలి, స్విచ్ ఆపి పెట్టడం కాదు, ఇనుప బకెట్టు అసలు వాడొద్దు. వేడి సరిపోయిందా అని వేలు ముంచి చూసే అలవాటు మన ఇళ్లల్లో పెద్దవాళ్లకే ఎక్కువ, అది పిల్లలు చూస్తుంటారు. కుదిరితే రాడ్ తీసేసి గ్యాసు పొయ్యి మీదే కాచుకోండి. గ్యాస్ గీజరు కొందామనుకుంటే బాత్రూం లోపల పెట్టించకండి, కిటికీ మూసిన చిన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ చేరితే వాసన రాదు, స్నానానికెళ్లిన మనిషి లోపలే పడిపోతాడు.